రెండో వరుస, నాలుగో టైలు

మార్చి 4

గౌరవనీయులైన బావగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమందరం కులాసా. మీరూ చెల్లెమ్మగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ మాత్రానికి ఉత్తరమెందుకు, ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అని మా ఆవిడ సణుగుతోంది. ఫోన్‌లో అన్న మాట గాలికి పోతుంది. ముప్ఫై మూడేళ్ళు ఆఫీసులో పనిచేసినవాణ్ణి, కాగితం మీద లేని మాటను నేను మాటగా లెక్కపెట్టను. మీరు కూడా దయచేసి జవాబు రాతపూర్వకంగానే ఇవ్వగలరు.

విషయం: పిల్లల గదిలో టైల్స్ లేవడం గురించి.

పెళ్ళైన నెలకే, మా వాడూ మీ అమ్మాయీ ఉండబోయే ముందుగదికి మీరు స్వయంగా వచ్చి టైల్స్ వేసి వెళ్ళారు. కూలి మాట ఎత్తితే చెవులు మూసుకున్నారు. ఆ మంచితనాన్ని మేము మరవలేదు. అయితే మీరు వెళ్ళిన నాలుగు నెలలకు, అనగా గత మంగళవారం, రెండో వరుస నాలుగో టైలు మీద కాలు పెడితే టక్కుమంది. బుధవారం దాని పక్కది. నిన్న మూడో వరుసలో ఒకదాన్ని చేత్తో ఎత్తితే కంచంలా లేచి వచ్చింది.

ఇది ఫిర్యాదు కాదు, సమాచారం మాత్రమే. ఫిర్యాదే అయితే పైన 'ఫిర్యాదు' అని రాసి ఉండేవాణ్ణి. ఇంటికి వచ్చినవాళ్ళు "ఇదెవరు వేశారండీ?" అని అడుగుతున్నారు. మా వియ్యంకుడుగారని చెప్పడానికి నోరు రావడం లేదు, మీ పేరు చెడకూడదని.

మీ అమ్మాయి క్షేమం. రోజూ ల్యాబుకి వెళ్ళి రక్తపరీక్షలు చేసి వస్తోంది.

భవదీయుడు,
మీ బావ,
రిటైర్డ్ సూపరింటెండెంటు


మార్చి 9

బావగారికి నమస్కారం.

మీ ఉత్తరం చదివాను. బడి మానేశాక నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. అక్షరాలు వంకరగా ఉన్నాయని టైల్స్ కూడా ఇలాగే వేసి ఉంటాడు అనుకోకండి. మీరు సమాచారం అన్నారు కాబట్టి నేను సమాచారంగానే తీసుకున్నాను. మా ఆవిడ మాత్రం ఫిర్యాదుగా తీసుకుని పొద్దుట్నుంచి నాతో మాట్లాడటం లేదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే పని నాకు. ఇప్పుడిక్కడ ఓ ఆస్పత్రి వరండాలో పని చేస్తున్నాను, రెండు వందల అడుగుల పొడవు. వేసిన మేరకు రోజూ రోగుల బళ్ళు దొర్లుతూనే ఉన్నాయి. ఒక్క టైలు కిక్కురుమనలేదు.

ఒక పని చేయండి. లేచిన టైలుని తిరగేసి చూడండి. గమ్ము టైలుకే అంటుకుని ఉండి, దానికి ఇసుక పట్టి ఉంటే తప్పు కింద గచ్చుది. గమ్ము నేల మీదే ఉండిపోయి, టైలు వీపు శుభ్రంగా ఉంటే తప్పు నాది. నేనే వచ్చి చెవులు పట్టుకుని మళ్ళీ వేస్తాను. రెండోది, తాళంచెవితో ఆ గచ్చుని గట్టిగా గీకండి. సన్నని గీత పడితే సరే. గుంట పడితే నాకు రాయండి.

ఈలోగా మీరుగా ఏమీ అంటించకండి. మళ్ళీ చెబుతున్నాను, ఏమీ అంటించకండి.

అమ్మాయిని అడిగానని చెప్పండి.

మీ బావ


మార్చి 14

గౌరవనీయులైన బావగారికి నమస్కారాలు.

తమరి తొమ్మిదో తేదీ ఉత్తరం అందింది. ఫైల్లో పెట్టాను.

టైలు వీపు పరిశీలించాను. గమ్ము టైలుకే ఉంది. దానికి ఇసుక పట్టిన మాట కూడా వాస్తవమే. అయితే దీన్నిబట్టి తప్పు నేలదని తేల్చేయడం తొందరపాటు అవుతుంది. ఆ గచ్చు ఇరవై తొమ్మిదేళ్ళ కిందట, నేను జూనియర్ గుమాస్తాగా ఉన్న రోజుల్లో, దగ్గరుండి వేయించినది. ఒక్కో బస్తా నా కళ్ళ ముందే విప్పించాను. తాళంచెవితో గీకమన్నారు. సొంత ఇంటి నేలను గీకడం నా వల్ల కాలేదు. నా మీద నేనే విచారణ వేసుకున్నట్టు అనిపించింది. కింద రాలిన పొడి కొంచెం కవర్లో పెట్టి జతచేస్తున్నాను, చిత్తగించండి.

ఇక గమ్ము సంగతి. మా పక్కింట్లో ఖజానా ఆఫీసులో చేసి రిటైరైన పెద్దమనిషి ఉన్నాడు, ఆయనకి తెలియని విషయం లేదు. ఈ రోజుల్లో గమ్ముల్లో పస లేదని ఆయన అన్నాడు. అందుకని మీ ఉత్తరం అందడానికి ముందు రోజే చెప్పుల దుకాణంవాడు వాడే గమ్ము తెచ్చి నేనే అంటించాను. బరువు కోసం నా దగ్గరున్న సర్వీసు నిబంధనల పుస్తకాలు పద్నాలుగూ పైన పేర్చాను. మర్నాడు ఒక్కొక్కటే తీస్తే, అన్నిటికన్నా అడుగున ఉన్న సెలవుల నిబంధనల పుస్తకం టైలుకి అంటుకుపోయి ఉంది. టైలు మాత్రం నేలకి అంటుకోలేదు. ఇప్పుడు పుస్తకం పట్టుకుని ఎత్తితే టైలు కూడా లేచి వస్తోంది. మీ అమ్మాయి చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. అందులో అంత నవ్వాల్సింది ఏముందో నాకైతే కనిపించలేదు. పుట్టింటి పక్షం వహించడం సహజమే అనుకున్నాను.

భవదీయుడు,
మీ బావ,
రిటైర్డ్ సూపరింటెండెంటు


మార్చి 19

బావగారికి నమస్కారం.

మీ కవరు విప్పి ఆ పొడిని వేళ్ళ మధ్య నలిపి చూశాను. మా పనివాళ్ళందరికీ చూపించాను. దాంట్లో సిమెంటు ఉందని మీరంటే నేను నమ్ముతాను, నా వేళ్ళు మాత్రం నమ్మడం లేదు.

గమ్మును తిట్టి లాభం లేదు. గమ్ము తనకు దొరికినదాన్ని గట్టిగానే పట్టుకుంటుంది. మీ ఇంట్లో దానికి దొరికింది ఇసుక. చెప్పుల గమ్ము కాదు, రైలు పట్టాలు అతికే గమ్ము తెచ్చినా ఇంతే. ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే. టైల్స్ అన్నీ తీసేసి, ఆ గచ్చుని గట్టి నేల తగిలేదాకా కొట్టి ఎత్తేసి, కొత్తగా పోసి, బాగా నీళ్ళు పట్టి, అప్పుడు వేయాలి. దుమ్ము లేస్తుంది, ఇల్లంతా పాడవుతుంది, వారం పది రోజులు తిట్టుకుంటారు. తర్వాత మీ మనవల కాలానికి కూడా కదలదు.

మంచి ఉలీ, సుత్తీ ఒకటి బస్సు డ్రైవరుతో పంపిస్తున్నాను. రెండో వరుస దగ్గర మీరే ఒక మూల కొట్టి చూడండి. చూస్తే మీకే తెలుస్తుంది.

అమ్మాయి నవ్విందంటే మనసు కులాసాగా ఉందన్నమాట. పక్షాలూ అవీ దానికి తెలియవు.

మీ బావ


మార్చి 27

గౌరవనీయులైన బావగారికి నమస్కారాలు.

విషయం: రెండో వరుస నాలుగో టైలు పగలడం గురించి.

నిన్న ఉదయం ఎనిమిది గంటలకు సదరు టైలు మూడు ముక్కలైంది. పెద్ద ముక్క తలుపు వైపు, రెండు చిన్న ముక్కలు కిటికీ వైపు పడ్డాయి. మూడింటినీ ఏరి, తుడిచి, కాగితంలో చుట్టి భద్రపరిచాను. మీరు వచ్చినప్పుడు చూపిస్తాను. పగిలిన అంచు చూస్తే టైలులోనే నాణ్యత లోపం ఉన్నట్టు పక్కింటి ఖజానా ఆయన అభిప్రాయపడ్డాడు.

మీరు పంపిన సుత్తి, ఉలి అందాయి. బావగారూ, చెప్పక తప్పడం లేదు. నా ఇంటిని కొట్టుకోమని నాకే సుత్తి పంపారు. మన మధ్య ఉన్న సంబంధానికి ఇది తగిన బహుమతి కాదు. మా ఆవిడ కొబ్బరికాయ కొట్టడానికి పనికొస్తుందని దాచబోయింది. నేను ఒప్పుకోలేదు. అదే బస్సులో వాపసు చేస్తున్నాను, అందినట్టు రాయగలరు.

ఈ సందర్భంలో మీ అమ్మాయి కూడా జారి పడింది. ల్యాబుకి వెళ్ళే తొందరలో ఉంది. కుడి మణికట్టు ఎముకలో సన్నని బీట ఉందని డాక్టరు చెప్పి సిమెంటు కట్టు వేశాడు. నాలుగు వారాలు ఉంచాలట. కంగారు పడాల్సింది ఏమీ లేదు.

భవదీయుడు,
మీ బావ,
రిటైర్డ్ సూపరింటెండెంటు


మార్చి 31

బావగారికి నమస్కారం.

టైలు మూడు ముక్కలైందని చదవగానే నా తల కొట్టేసినట్టయింది. టైలులో లోపం అన్నాడా మీ ఖజానా ఆయన? నాణేలు లెక్కపెట్టుకున్న మనిషికి టైలు సంగతి ఏం తెలుసు? ఆ టైలు మీద ఎద్దు నిలబడినా పగలదు, కింద ఆనుకోవడానికి ఏదైనా ఉంటే. మూడు ముక్కలైందంటే కింద డొల్ల ఉన్నట్టే. నేను వేసేటప్పుడు ఒక్కో టైలునీ కర్రసుత్తితో కొట్టి వింటూ వేశాను. అప్పుడు డొల్ల లేదు. ఆ తర్వాత గచ్చు పొడైపోయి కిందకి దిగితే టైలు గాల్లో వేలాడుతోంది. గాల్లో వేలాడే టైలు మీద కాలు పడితే పగలక ఏం చేస్తుంది? ఈ మాట మీ ఖజానా ఆయనకి చదివి వినిపించండి. రెండుసార్లు వినిపించండి.

సుత్తి అందింది. దాన్ని మీరు అలా తీసుకుంటారని తెలిస్తే పంపకపోదును. మా పనిలో ఒకరికి సుత్తి ఇవ్వడమంటే నమ్మకం.

అమ్మాయి చేతికి కట్టు తడవనివ్వొద్దని చెప్పండి. ఇదో తమాషా, నేల మీద సిమెంటుని తడపాలి, చేతి మీద సిమెంటుని తడపకూడదు. వచ్చి చూడాలనే ఉంది. వరండా ఇంకా అరవై అడుగులు మిగిలిపోయింది.

అన్నట్టు ఒక్క సంగతి రాయండి. ఆ గచ్చు పోశాక ఎన్ని రోజులు నీళ్ళు పెట్టారు?

మీ బావ


ఏప్రిల్ 6

గౌరవనీయులైన బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం గట్టిగా చదివి ఇంట్లో అందరికీ వినిపించాను. పక్కింటి ఆయనకి సంబంధించిన భాగం మాత్రం, ఆయన కిటికీ తెరిచి ఉండటంవల్ల, లోగొంతుకతో చదివాను.

నీళ్ళు ఎన్ని రోజులు పెట్టారని అడిగారు. మీ ప్రశ్నలోని వ్యంగ్యం నాకు అర్థమైంది. అదృష్టవశాత్తూ నేను ఏ పనీ నోటిమాట మీద చేయించే మనిషిని కాను. ఆనాడు నీళ్ళు పట్టడానికి నేను ప్రత్యేకంగా ఒక రిజిస్టరు పెట్టాను. నాలుగు గంటలు వెతికితే పాత ట్రంకుపెట్టెలో దొరికింది. ఏడు పనిదినాలు, రోజుకి రెండుసార్లు, సంతకంతో సహా. ఆ పేజీ నకలు జతచేస్తున్నాను. ఇది చూశాక ఈ వివాదం ముగిసినట్టేనని భావిస్తాను.

ఇంకో సంగతి. మొన్న ఆదివారం పిల్లలు నాలుగు వీధుల అవతల అద్దె ఇంట్లోకి మారారు. "నేల బాగయ్యేదాకా నాన్నా" అని మా వాడు అన్నాడు. తాత్కాలికమే. తాత్కాలికమైతే బీరువా ఎందుకు తీసుకెళ్ళారని మా ఆవిడ రెండు రోజులుగా అడుగుతోంది. వాళ్ళు తిరిగొస్తారా రారా, అదొక్కటి చెప్పమంటోంది. 

భవదీయుడు,
మీ బావ,
రిటైర్డ్ సూపరింటెండెంటు


ఏప్రిల్ 11

బావగారికి నమస్కారం.

మీ రిజిస్టరు నకలు నా చేతిలో ఉంది. మీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. అందులో ఉన్నదే రాస్తున్నాను, నా సొంతం ఏమీ లేదు.

శనివారం సాయంత్రం గచ్చు పోయడం పూర్తి. ఆదివారం, సెలవు. సోమవారం, ఆఫీసు సెలవు. మంగళవారం ఉదయం పదిన్నరకు మొదటిసారి నీళ్ళు, సంతకం. సాయంత్రం నాలుగున్నరకు రెండోసారి, సంతకం. ఇలా శుక్రవారందాకా. శనివారం ఒంటిపూట, కాబట్టి ఒకసారే నీళ్ళు. ఆదివారం మళ్ళీ సెలవు. సోమ, మంగళవారాలతో ఏడు పనిదినాలూ పూర్తి. నెల చూస్తే మే.

బావగారూ, సిమెంటుకి సెలవులుండవు. పోసిన మర్నాడే దానికి దాహం. అది నీళ్ళు తాగే మొదటి రెండు రోజులూ మీరు తలుపు తాళం వేసి ఇంట్లో పడుకున్నారు. మే నెల ఎండలో రెండు రోజులు ఎండిపోయిన గచ్చుకి మూడో రోజు సముద్రం తెచ్చి పోసినా లాభం లేదు. ఆ మంగళవారం పదిన్నరకు మీరు నీళ్ళు పోసింది శవానికి. ఈ మాట కటువుగా ఉంది, కొట్టేద్దామనుకున్నాను, కానీ కొట్టివేతలుంటే మీకు నచ్చదని వదిలేశాను.

ఈ ముక్క చదివి మా పనివాళ్ళు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. ఎందుకంటే మీరు దాచింది ఏమీ లేదు, ఉన్నదున్నట్టు సంతకం పెట్టి మరీ రాసుకున్నారు. దాచినవాణ్ణి నేను.

నేను టైల్స్ వేయడానికి వచ్చిన మొదటి రోజు, మీరు కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళినప్పుడు, గది ఊడ్చాను. చేటెడు ఇసుక వచ్చింది. మళ్ళీ ఊడ్చాను, మళ్ళీ చేటెడు. సుత్తితో కొడితే పాత కుండలా మోగింది. నాకు అప్పుడే తెలుసు. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాడికైనా తెలుస్తుంది. ఇంతలో మీరు కాఫీ పట్టుకొచ్చి, "ఈ గచ్చు నా చేతుల మీదుగా వేయించింది బావగారూ" అన్నారు. మీ మొహం వెలిగిపోతోంది. పెళ్ళై నెలే అయింది. మీ నేల బాగాలేదంటే ఆ కోపం అమ్మాయి మీద పడుతుందేమోనని భయపడ్డాను. నోరు మూసుకుని, పొడి అణగడానికి సిమెంటు పాలు చల్లి, పైన టైల్స్ పరిచేశాను. ఏడాది ఆగుతాయనుకున్నాను. నాలుగు నెలలే ఆగాయి.

ముప్ఫై ఒక్క ఏళ్ళలో తెలిసి తెలిసి చెడ్డ గచ్చు మీద టైలు వేసింది అదొక్క గదిలోనే. అది మా అమ్మాయి గది.

మీ బావ


ఏప్రిల్ 17

బావగారికి,

ఈ ఉత్తరానికి పైన 'విషయం' రాయలేదు. ఏమని రాయాలో తోచలేదు.

రిజిస్టరు అసలు కాపీ తీసి మళ్ళీ చూశాను. మీరు చెప్పినట్టే ఉంది. ఆ రెండు సెలవుల్లోనూ నేను ఏం చేశానో కూడా గుర్తొచ్చింది. మా ఆవిడ అప్పుడే అంది, "పోయి నాలుగు చెంబులు పోసి రండి" అని. సెలవు రోజు చేసిన పనిని రిజిస్టరులో ఎక్కించే పద్ధతి లేదని చెప్పాను.

ఇంకోటి కూడా చెప్పాలి. ఇరవై తొమ్మిదేళ్ళుగా మా ఆవిడ ఆ గదిలో రోజూ ఇసుక ఊడుస్తోంది. వీధిలోంచి వస్తోందని నేను ముందు కిటికీలకి వల కొట్టించాను, తర్వాత తలుపు కింద గోనె పెట్టించాను, ఆ తర్వాత మున్సిపాలిటీకి ఆరు అర్జీలు రాశాను. వీధిలో రోడ్డు వేశారు కానీ ఇసుక ఆగలేదు. నిన్న రాత్రి ఆవిడకి అసలు సంగతి చెప్పాను. ఆవిడ చీపురు తెచ్చి నా చేతికిచ్చి వెళ్ళి పడుకుంది.

మీరు దాచారన్నందుకు నాకు కోపం రాలేదు. నా మొహం చూసి చెప్పలేకపోయారంటే నా మొహంలో కూడా ఏదో ఉండి ఉంటుంది.

వరండా పూర్తయితే రండి. సుత్తి తీసుకురండి.

మీ బావ


మే 12

బావగారికి నమస్కారం.

క్షేమంగా చేరాను. చేతులింకా నొప్పులే. మా ఆవిడ నా వీపుకి తైలం రాస్తూ, "వియ్యంకులిద్దరూ కలిసి పద్దెనిమిది రోజులు ఒక్క గదిలో ఏం చేశారు?" అని అడుగుతోంది. ఏం చెప్పను? అంత సంతోషంగా ఈ మధ్యకాలంలో నేను ఎప్పుడూ పని చేయలేదు. మొదటి దెబ్బ నేనే కొడతానంటూ మీరు సుత్తి లాక్కున్నారు చూడండి, కొడితే మోచెయ్యిదాకా దిగిపోయింది, మీరు కళ్ళు తేలేశారు. తర్వాత బనీనుతో, తలకి తువ్వాలు చుట్టుకుని మట్టి మోస్తుంటే మీ ఖజానా ఆయన మిమ్మల్ని కూలి మనిషి అనుకుని "మీ అయ్యగారున్నారా?" అని అడిగాడు. అది గుర్తొస్తే ఇప్పటికీ నవ్వు ఆగదు. ఆదివారం పొద్దున్నే లేచి చూస్తే మీరు లుంగీ ఎగ్గట్టి నీళ్ళు పెడుతున్నారు. అప్పుడే అనుకున్నాను, ఈ నేలకింక ఢోకా లేదని.

అమ్మాయిని ఒక్కసారే చూడటం కుదిరింది, అరగంట. కట్టు విప్పేశారు. గచ్చు పోసిన రోజది, కలిపిన సిమెంటు మాలు గట్టిపడిపోతుందని పరుగెత్తుకొచ్చేశాను. ఎలాగూ మీ ఇంటికి వచ్చేస్తారు కదా, వచ్చాక తీరిగ్గా చూస్తాను.

ఇంక పిల్లల్ని రమ్మనండి.

మీ బావ


మే 20

బావగారికి,

గది అద్దంలా ఉంది. రోజూ ఉదయం వెళ్ళి ప్రతి టైలు మీదా నిలబడి చూస్తున్నాను. ఒక్కటీ కదలదు. కదలకపోతేనే నాకిప్పుడు భయంగా ఉంది.

పిల్లలు రాలేదు. గది తయారైందని నేనే స్వయంగా వెళ్ళి చెప్పాను. మా వాడు "చూద్దాం నాన్నా" అన్నాడు. ఆఫీసులో ఎవరి అర్జీ మీదైనా నేను 'పరిశీలించబడును' అని రాసేవాణ్ణి. దాని అర్థం నాకు బాగా తెలుసు. మీ అమ్మాయి కాఫీ ఇచ్చింది, మర్యాదగా మాట్లాడింది. అంత మర్యాద మా ఇంట్లో ఉన్నప్పుడు ఎప్పుడూ చూపించలేదు, పుస్తకం టైలుకి అంటుకుంటే పొట్ట పట్టుకుని నవ్విన పిల్ల అది.

నేల చెడ్డదన్నారు, బాగుచేశాం. ఇంకేం మిగిలిందో నాకు అర్థం కావడం లేదు. మా ఆవిడ రాత్రిళ్ళు ఆ ఖాళీ గదిలో దీపం వేసి ఉంచుతోంది. వద్దంటే ఊరుకోదు. బావగారూ, నేను సూటిగా అడుగుతున్నాను, మీరు తండ్రి కాబట్టి మీతో చెబుతుంది. ఆ పిల్ల మా ఇంటికి ఇంక రాదా? కనుక్కుని రాయండి. ఫోన్ చేసి చెప్పినా ఫరవాలేదు.

మీ బావ


మే 27

బావగారికి,

మీరు ఫోన్ చేసి చెప్పినా ఫరవాలేదన్నారు. చెప్పలేక రాస్తున్నాను.

నిన్న అమ్మాయితో మాట్లాడాను. నేను మామూలుగానే మొదలుపెట్టాను, నేల ఇప్పుడు ఎంత గట్టిగా ఉందో, ఎంత మందాన పోశామో. కాసేపు విని అది అంది:

"నాన్నా, నేను పడిన రోజు మామయ్య పరుగెత్తుకుంటూ వచ్చారు. వచ్చి వంగారు. నన్ను లేపడానికే అనుకుని ఎడమ చెయ్యి చాపాను. ఆయన టైలు ముక్కలు ఏరుకున్నారు. మూడూ ఏరి, తుడిచి, అప్పుడు 'ఏమ్మా, దెబ్బ తగిలిందా?' అన్నారు. సరేలే, ఆయన తీరే అంత, మా నాన్న అడుగుతాడు కదా అనుకున్నాను. నీ ఉత్తరం వచ్చింది. మామయ్య గట్టిగా చదివారు. ముందంతా డొల్ల గురించే. అయిపోయాక ఖజానా ఆయన. ఆ తర్వాత సుత్తి. నా చెయ్యి చివర్న వచ్చింది, కట్టు తడవనివ్వొద్దని. దాంట్లో కూడా ఓ తమాషా చెప్పావు. నేల గట్టిగా ఉందని నాకు తెలుసు నాన్నా. ఈసారి దాని మీద నేను పడితే ముందు దేన్ని చూస్తారో, అది తెలియదు నాకు."

 దానికి కోపం కూడా లేదు, బావగారూ. కోపంగా అని ఉంటే బావుండేది. పద్దెనిమిది రోజులు నాలుగు వీధుల దూరంలో ఉండి అరగంట చూసి వచ్చినవాణ్ణి. ఆస్పత్రి వరండాలో కూర్చుని ఏడ్చాను. ఎవరో రోగి తాలూకు మనిషి అనుకుని ఒకావిడ నాకు మంచినీళ్ళిచ్చింది.

మీ బావ


జూన్ 3

బావగారికి,

మీ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించలేదు. రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను.

అది నిజమే. నేను ముక్కలే ఏరాను. ఎందుకు ఏరావని నన్ను నేను అడిగితే, వాటిని సాక్ష్యంగా దాచాలనిపించింది, అంతే. పిల్ల చెయ్యి చాపిన సంగతి నాకు ఇప్పటికీ గుర్తు రావడం లేదు. నేను చూడనే లేదు. దానికన్నా సిగ్గు ఏముంటుంది?

నిన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఏం మాట్లాడాలో నాలుగు మాటలు కాగితం మీద రాసుకుని వెళ్ళాను. గుమ్మంలో నిలబడ్డాక ఆ కాగితం తీయడానికి మొహం చెల్లలేదు. "తప్పైందమ్మా" అన్నాను. "ఏం తప్పు మామయ్యా?" అంది. అలవాటు కొద్దీ గచ్చు గురించి మొదలుపెట్టబోయి ఆగాను. "నువ్వు చెయ్యి చాపితే నేను చూడలేదు" అన్నాను.   నన్ను కూర్చోమంది. చెయ్యి చూపించమన్నాను. చూపించింది. మణికట్టు ఇంకా పూర్తిగా తిరగదు, బావగారూ. ల్యాబులో సూది ఎడమ చేత్తో పట్టుకోవడం నేర్చుకుంటోందట. రెండు నెలలుగా నాకు ఈ సంగతి తెలియదు. టైల్స్ ఎన్నున్నాయంటే మాత్రం నిద్రలో లేపినా చెబుతాను.

వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు. నేను అడగలేదు. లేచి వచ్చేస్తుంటే, "రేపు చేతికి వ్యాయామం చేయించుకోవడానికి డాక్టరు దగ్గరకి వెళ్ళాలి, మీ అబ్బాయికి డ్యూటీ ఉంది, మీరు తోడొస్తారా మామయ్యా?" అని అడిగింది. వస్తానన్నాను. తొమ్మిదింటికి వెళ్ళాలి. ఏడింటికే తయారై కూర్చుని ఇది రాస్తున్నాను.

మీ బావ


జూన్ 6

బావగారికి,

మీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఇక్కడ ఒప్పుకున్న పని ఇంకొకరికి అప్పజెప్పాను. మేస్త్రి గొణిగాడు, గొణగనీ. రేపు పొద్దుట బస్సుకి బయల్దేరుతున్నాం, నేనూ మా ఆవిడా. బస్సు దిగి నేరుగా అమ్మాయి ఉన్న ఇంటికే వస్తాం. మీరూ చెల్లెమ్మగారూ అక్కడికే రండి. మీ గదిలో నేల ఎలా ఉందో తర్వాత ఎప్పుడైనా చూద్దాం.

మీ బావ